సుందరయ్యగారు సరే, మరి లీలమ్మగారో?

మా బోగోలు చుట్టుపక్కల పుచ్చలపల్లి సుందరయ్య పేరు వినని ఇల్లుండదు. ఎర్రజెండా పట్టినవాళ్లకీ, పట్టనివాళ్లకీ కూడా ఆయన మనవాడే. అల్లూరు దాటి ఇంకాస్త కిందికి పోతే విడవలూరు మండలం, అందులో ఆయన పుట్టిన అలగానిపాడు. ఆయన గురించి ఎవర్ని కదిపినా మొదట చెప్పే సంగతులు ఒకటే. పేరు వెనక రెడ్డి అన్న మాట తీసేశాడు, పార్లమెంటుకు సైకిల్ మీద పోయాడు, పిల్లలు వద్దనుకున్నాడు. ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి మగవాళ్లు మెచ్చుకోలుగా తలాడిస్తారు. ఆడవాళ్లు మాత్రం చేస్తున్న పని ఆపి, ఆవిడ ఏమందో అంటారు.

ఆవిడంటే లీలమ్మగారు. సుందరయ్యగారి మీద రాసినవి చదివేటప్పుడల్లా నేను ఆవిడ పేరు కోసం వెతుక్కుంటుంటాను. ఉంటుంది, కానీ ఒకటి రెండు వాక్యాల్లో. అందుకే ఈసారి ఆయన జీవితాన్ని మన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూద్దామనిపించింది. ఆయన్ని చిన్నబుచ్చాలని కాదు. అంత నిజాయితీపరుడు కాబట్టే ఈ ప్రశ్నలు ఆయన్ని అడగొచ్చుననిపిస్తుంది.

1913 మే 1న పుట్టారు. మేడే నాడు పుట్టి కమ్యూనిస్టు కాక ఇంకేమవుతాడని మా వీధిలో ఓ పెద్దాయన వేళాకోళమాడుతుంటారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. మాగాణి ఉన్న కుటుంబం, తిండికి గుడ్డకి లోటులేదు. కానీ ఆరేళ్లు వచ్చేసరికే తండ్రి పోయారు. ఆ తర్వాత చదువంతా అక్కాబావల దగ్గరే. బావగారికి బదిలీలయ్యే ఉద్యోగం కావడంతో ఏలూరు, రాజమండ్రి, మద్రాసు అంటూ ఊళ్లు మారుతూ చదువుకున్నారు. తండ్రి లేని పిల్లాణ్ణి కడుపులో పెట్టుకుని పెంచిన అక్కలు మన ఇళ్లలో ఎంతమందో. వాళ్ల పేర్లు చరిత్రలోకెక్కవు గానీ చరిత్రలోకెక్కినవాళ్లు ఆ అన్నం తినే ఎదిగారు.

మద్రాసులో లయోలా కాలేజీలో చేరారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజులు. పదిహేడేళ్ల కుర్రాడు పుస్తకాలు పక్కనపెట్టి ఉద్యమంలో దూకారు. వయసు చిన్నదని తంజావూరు బోర్‌స్టల్ స్కూల్లో పెట్టారు. బోర్‌స్టల్ అంటే కుర్ర ఖైదీలను ఉంచే జైలే. బయటికొచ్చాక దక్షిణాదిన కమ్యూనిస్టు పార్టీని కట్టడానికి వచ్చిన అమీర్ హైదర్ ఖాన్‌తో పరిచయమయింది. అంతే, ఇక వెనక్కి తిరగలేదు. తర్వాత తర్వాత కేరళ దాకా పోయి అక్కడి మిత్రులతో కలిసి పార్టీకి పునాదులు వేశారు.

ఈలోగా ఆయన చేసిన పని ఒకటుంది. నా దృష్టిలో జైలుకు పోవడం కంటే అదే కష్టం. సొంత ఊరికి తిరిగొచ్చి, సొంత చుట్టాల పొలాల్లో పనిచేసే కూలీలను కూడగట్టారు. అంటరానితనం కుదరదన్నారు. కూలి పెంచమన్నారు. పేదవాళ్లకు చదువు చెప్పడం, తక్కువ ధరకు సరుకులు దొరికేట్టు అంగడి పెట్టడం, ఇవన్నీ ఊళ్లోనే. ఆంధ్రలో వ్యవసాయ కూలీలకు పెట్టిన తొలి సంఘాల్లో అదొకటి. పేరు చివర కులం మాట అప్పుడే వదిలేశారు. మాగాణి ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇదెంత తెగింపో అర్థమవుతుంది. ఎక్కడో రష్యాలో జమీందార్లు పోవాలంటే ఎవరైనా అంటారు. మన బాబాయి పొలంలో కూలి పెంచాలంటే, రేపు ఆయన పెళ్లి భోజనాల్లో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాం? ఆస్తిలో తన వాటా కూడా ఉద్యమానికే ఇచ్చేశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సుందరయ్యగారు బయట ఒకటి మాట్లాడి ఇంట్లో ఇంకోటి చేసే బాపతు మనిషి కాదు. ఇల్లు ఆయనకు కనపడకపోవడం కాదు, బాగా కనపడింది. కులం కనపడింది, భూమి కనపడింది, కూలి కనపడింది. మరి అదే ఇంట్లో ఆడమనిషికి ఏం కావాలో కూడా అంతే స్పష్టంగా కనపడిందా అన్నదే నా సందేహం.

పార్టీ మీద నిషేధం 1942లో పోయింది. 1943 ఫిబ్రవరిలో బొంబాయిలో లీలగారితో పెళ్లయింది. ఆవిడ అక్కడి పార్టీ కేంద్ర కార్యాలయంలో పనిచేసే కార్యకర్త. అంటే ఎవరో చూసి కుదిర్చి అప్పగించిన అమ్మాయి కాదు, తన బుద్ధితో తాను పార్టీలోకి వచ్చిన మనిషి. మన ఊళ్లలో పిల్లని వరసైనవాళ్లకి తప్ప ఇవ్వని రోజుల్లో భాష వేరు, ఊరు వేరు అయినా ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఆ తర్వాత ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. పిల్లలుంటే వాళ్ల మీద మమకారం, వాళ్లకేదైనా వెనకేయాలన్న ఆశ, చివరికి ప్రజలకివ్వాల్సిన కాలం వాళ్లకివ్వడం, ఇవన్నీ వస్తాయని ఆయన భయం. అనుకుని ఊరుకోలేదు, సుందరయ్యగారే ఆపరేషన్ చేయించుకున్నారు.

ఇక్కడ ఆయనకు దండం పెట్టాలి. దేశంలో ఇంకా కుటుంబ నియంత్రణ కార్యక్రమమన్నదే మొదలుకాని రోజులవి. అది మొదలైంది 1952లో. మరి ఇన్నేళ్ల తర్వాత మన సంగతేంటి? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని తేలింది. మగవాళ్లు చేయించుకున్నవి నూటికి ఒకటి కూడా లేవు. ఆడవాళ్లకు చేసేదానికంటే మగవాళ్లకు చేసేది తేలిక, కోత చిన్నది, ఆ పూటే ఇంటికొచ్చేయొచ్చు అని డాక్టర్లు మొత్తుకుంటున్నా అంతే. కాన్పయిన ఆసుపత్రిలోనే పనిలో పనిగా ఆ ఆపరేషన్ కూడా మనకే. ఆయన బరువులెత్తాలి, ఆయన సంపాదించాలి అని అత్తగార్లే అడ్డుపడతారు. అలాంటిది 1940ల్లో ఒక రెడ్లింటి మగబిడ్డ కత్తి కిందికి తాను పోయాడంటే, ఆ ఒక్క విషయంలో ఆయన మన కాలానికి కూడా ముందున్నట్టే.

అయినా సరే, ఆడవాళ్లు అడిగే ప్రశ్న అలాగే ఉండిపోతుంది. నిర్ణయం ఇద్దరిదీ కావచ్చు. దాని బరువు ఇద్దరి మీదా ఒకేలా పడదు కదా. సుందరయ్యగారికి పిల్లలెందుకు లేరంటే దేశమంతా త్యాగం అంటుంది. లీలమ్మగారు ఏ ఊళ్లో ఎవరింట్లో అన్నం తిన్నా, ముందు వచ్చే ప్రశ్న పిలకాయలెంతమందమ్మా అనే. లేరంటే ఆ ఇల్లాలి మొహంలో జాలి. మా నెల్లూరు పక్క పిల్లలు లేని ఆడమనిషిని సీమంతానికి పిలుస్తారు గానీ ముందుకు రమ్మనరు. గాజులు తొడిగించేటప్పుడు వెనక వరసలో నిలబెడతారు. మా బంధువుల్లో ఒకావిడ ఇలాంటి పేరంటాలకు పోవడమే మానేసింది. ఆవిడ భర్తను మాత్రం ఏ పెళ్లిలోనూ ఎవరూ వెనక వరసలోకి పొమ్మనలేదు. కమ్యూనిస్టుల ఇళ్లలో ఇంత పట్టింపు ఉండకపోవచ్చు. అయినా కమ్యూనిస్టుల ఇళ్లలోనూ అత్తగార్లుంటారు.

పోనీ భర్తయినా పక్కనున్నాడా అంటే, పెళ్లయిన కొన్నేళ్లకే తెలంగాణ సాయుధ పోరాటం. 1946 నుంచి 1951 దాకా సాగింది. 1948లో పార్టీ మీద మళ్లీ విరుచుకుపడ్డారు. సుందరయ్యగారు 1952 దాకా అజ్ఞాతంలోనే ఉన్నారు. ఉద్యమాల చరిత్రలో అజ్ఞాతవాసం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు మాత్రం అది తలుపు కొట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడే రాత్రులు. పోలీసులొచ్చారా, కబురొచ్చిందా, చావు కబురొచ్చిందా తెలియదు.

తెలంగాణ పోరాటం మాట వచ్చింది కాబట్టి ఓ పుస్తకం సంగతి చెప్పాలి. 1986లో, అంటే సుందరయ్యగారు పోయిన మరుసటేడు, హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్లు మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం తెచ్చారు. పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చారు. మీ ఊరి లైబ్రరీలో దొరికితే తప్పకుండా చదవండి. తుపాకీ పట్టిన ఆనందం ఉంది అందులో. చదువు నేర్చుకున్న సంతోషం, గడప దాటి పదిమందిలో మాట్లాడిన ధైర్యం ఉన్నాయి. దాంతోపాటే ఇంకోటి కూడా ఉంది. దళంలో ఎవరు ఎవరితో మాట్లాడినా అనుమానం. ప్రేమించుకుంటే పార్టీ అనుమతి. కడుపొస్తే నింద. పసిబిడ్డ ఏడుపుకు దళం జాడ తెలిసిపోతుందని, చంటిబిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి వచ్చేయాల్సిన తల్లి కథ ఉంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకేమనిపిస్తుందంటే, నాయకుడు తన ఇష్టంతో వదులుకున్నది కింద ఉన్నవాళ్లకు కొలబద్ద అయిపోతుంది. సుందరయ్యగారు పిల్లలు వద్దనుకుని ఆపరేషన్ చేయించుకున్నారు. అది ఆయన ఒంటి మీద ఆయన తీసుకున్న నిర్ణయం. అడవిలో ఉన్న ఆడపిల్లకి ఆ వెసులుబాటేది? ఏ డాక్టరున్నాడు? ఆమెకు కడుపు రావడానికి ఆమె ఒక్కతే కారణమా? కానీ దళానికి బరువయింది ఆమె. ఉద్యమానికి అడ్డమన్న మాట పడింది ఆమె. పిల్లలు లేని జీవితం నాయకుడికి త్యాగమయితే, పిల్లలు కావాలనుకున్న ఆడమనిషికి అది బలహీనత అయింది. పార్టీవాళ్లు చెడ్డవాళ్లయి ఇలా చేశారని నేననను. విధవా వివాహాలు, కులాంతర వివాహాలు, కట్నాల్లేని దండల పెళ్లిళ్లు ఆ రోజుల్లో వాళ్లు చేసినన్ని ఎవరు చేశారు? అంత చేసినవాళ్లకే ఇది కనపడలేదంటే, కనపడనిది ఎంత దగ్గరగా ఉండిందో చూడండి.

అన్నట్టు, కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జన వారధి చదివారా? 2012లో, తొంభై దాటిన వయసులో తెచ్చిన ఆత్మకథ అది. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియకముందే పెళ్లి, ఊహ తెలిసేలోపే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారు ఆమెను పెళ్లాడారు. ఇద్దరూ కమ్యూనిస్టులే. ఆమె పాటలు పాడారు, నాటకాలాడారు, ఒంటి మీది బంగారం పార్టీకిచ్చారు, అజ్ఞాతంలోకి వెళ్లారు. అక్కడ కడుపొస్తే ఉంచుకోనివ్వలేదు. పోరాటం ముగిసి అందరూ ఇళ్లకు చేరే వేళకు భర్త ఆమెను వదిలి పోయారు. విధవరాలికి బతుకునిచ్చిన ఆదర్శం, ఆ బతుకును నడిరోడ్డు మీద వదిలేసేటప్పుడు ఎక్కడికి పోయిందో మరి. సీతారామయ్యగారు ఆ తర్వాత 1980లో పీపుల్స్ వార్ పార్టీ పెట్టి దేశమంతా తెలిసిన మనిషయ్యారు.

కోటేశ్వరమ్మగారు ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకున్నారు. ఆ సభ పెట్టింది కాంగ్రెస్ నాయకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. అంటే ఒక కమ్యూనిస్టు వదిలేసిన కమ్యూనిస్టుకు నీడ దొరికింది కాంగ్రెసావిడ కట్టిన చూరు కింద. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. తర్వాత కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా పనిచేస్తూ బతికారు. కొడుకునీ, కూతుర్నీ పోగొట్టుకుని మనవరాళ్లను సాకారు.

సిద్ధాంతాలు మొగుడూ పెళ్లాలనే కాదు, స్నేహితులనీ చుట్టాలనీ కూడా ఎలా విడదీస్తాయో ఆ తరాన్ని చూస్తే తెలుస్తుంది. 1952 ఎన్నికల్లో అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి నీలం సంజీవరెడ్డిని ఓడించారు. కమ్యూనిస్టు కాంగ్రెస్‌ను ఓడించాడని పుస్తకాల్లో ఉంటుంది. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మగారు నాగిరెడ్డికి అక్కచెల్లెలి వరస కాదు, సొంత తోబుట్టువు. లెక్కింపు రోజు ఆవిడ ఎవరు గెలవాలని మొక్కుకున్నారో ఎవరైనా అడిగారా? 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండయింది. సుందరయ్యగారు మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. నిన్నటిదాకా కలిసి పనిచేసిన చండ్ర రాజేశ్వరరావుగారు అవతలి పార్టీకి పెద్ద. మరో నాలుగేళ్లకు నాగిరెడ్డిగారు, చండ్ర పుల్లారెడ్డిగారు కూడా సుందరయ్యగారికి దూరమయ్యారు. ఈ చీలికల మీద మగవాళ్లు సంపుటాలకు సంపుటాలు రాశారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు, నిన్నటిదాకా ఒకరి పిల్లలకు ఒకరు అన్నం పెట్టుకున్నవాళ్లు, బజార్లో ఎదురుపడితే ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాయలేదు.

సుందరయ్యగారి మిగతా జీవితం అందరికీ తెలిసిందే. 1952లో రాజ్యసభకు వెళ్లి అక్కడ కమ్యూనిస్టులకు నాయకత్వం వహించారు. సైకిలు కథలు ఆ నాటివే. తర్వాత గన్నవరం నుంచి శాసనసభకు 1955లో, 1962లో, మళ్లీ 1978లో గెలిచారు. 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు, అరవై నాలుగేళ్ల వయసులో ఆ బురదలో దిగి సహాయపు పనులు చేశారు. ఎమర్జెన్సీ కాలంలో పార్టీ దారి నచ్చక ప్రధాన కార్యదర్శి పదవినే వదులుకున్నారు. నమ్మింది నమ్మినట్టు చెప్పి కుర్చీ దిగిపోవడం ఇప్పటి రాజకీయాల్లో ఎవరు చేస్తారు చెప్పండి. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. మా జిల్లాలో ఆ ఇంటి పేరు మీద గౌరవానికి అదీ ఒక కారణం.

1972లో తెలంగాణ పోరాటం మీద పెద్ద పుస్తకం రాశారు. అందులో ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. దెబ్బలు తిన్నవాళ్లను, చెరచబడ్డవాళ్లను, ఎదురు తిరిగినవాళ్లను మర్చిపోకుండా చెప్పారు. అప్పటికి చాలామంది నాయకులకు ఆ ధ్యాసే లేదు. కానీ ఆ అధ్యాయంలో స్త్రీలు వీరనారులుగా ఉంటారు. స్త్రీశక్తి సంఘటన పుస్తకంలో అదే పోరాటపు ఆడవాళ్లు అలిసిపోయినవాళ్లుగా, ఇష్టపడినవాళ్లుగా, బిడ్డ కోసం ఏడ్చినవాళ్లుగా, పోరాటం అయిపోయాక ఇంటికి పోయి వంట చేసుకోమంటే మనసు విరిగినవాళ్లుగా కనపడతారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒకే ఇంటి గురించి ఇంటి యజమాని చెప్పిందీ ఇల్లాలు చెప్పిందీ విన్నట్టుంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

మా జిల్లాలోనే, ఆయన పోయిన ఏడెనిమిదేళ్లకు, దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి చీపుళ్లెత్తారు. అక్షరాలు నేర్చుకునే రాత్రి బడుల్లో మొదలైన మాటలవి. మొగుడు తాగొచ్చి కొట్టడమన్నది ఇంటి గుట్టు, బయట చెప్పుకోకూడదు అనుకునేది పోయి, అది ఊరి సమస్య అయింది, రాష్ట్రం సమస్య అయింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. రాత్రి బడుల్ని నడిపినవాళ్లలో సుందరయ్యగారి దారిలో వచ్చిన కార్యకర్తలూ ఉన్నారు. కానీ ఇంటి లోపలి బాధను రాజకీయం చేసిందెవరంటే ఆ ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లే.

సుందరయ్యగారు 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో, తన పొలం గింజలు దొరకి దక్కనివ్వని చాకలి ఐలమ్మ పోయింది. ఆయన ఆత్మకథ విప్లవ పథంలో నా పయనం పేరుతో వచ్చింది. పుస్తకాలన్నీ ప్రజలకే ఇచ్చేశారు. వాటితో హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. 2000 ఆగస్టు వరదల్లో ఆ గ్రంథాలయంలోకి నీళ్లొచ్చి వేల పుస్తకాలు తడిస్తే, ఎంతోమంది కలిసి దొరికినవి దొరికినట్టు ఆరబెట్టి కాపాడారు. లీలమ్మగారు ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు బతికారు.

కోటేశ్వరమ్మగారి సంగతి ఒకటి మిగిలిపోయింది. సీతారామయ్యగారు ముసలితనంలో, పార్టీ కూడా దూరం పెట్టాక, ఆమెను చూడాలని కబురు పంపారు. ఆమె మొదట రానన్నారు. ఆయనకు చూడాలనిపిస్తే సరిపోతుందా, తనకనిపించొద్దా అన్నది ఆమె ప్రశ్న. తర్వాత అయినవాళ్లు చెప్పగా చెప్పగా వెళ్లారు. ఆయన 2002లో పోయారు. ఆమె 2018 సెప్టెంబరులో విశాఖపట్నంలో, నూరేళ్లు నిండాక వెళ్లిపోయారు.